అమిగా షెల్ విండో చెప్పిన చోట తెరుచుకోకపోతే: సమగ్ర మార్గదర్శి

అమిగా అనే పాత కంప్యూటర్‌లో డ్రాయర్ (ఫోల్డర్) విండోని నచ్చినట్టు లాగి, సాగదీసి, మెనూలో స్నాప్‌షాట్ కొడితే ఆ చోటూ ఆ సైజూ అలాగే ఉండిపోతాయి. కమాండ్లు కొట్టే షెల్ విండో దగ్గర ఈ పప్పులుడకవు. ఎంత ఓపిగ్గా సర్దినా, మూసి మళ్ళీ తెరిస్తే మొదటికే వస్తుంది. స్నాప్‌షాట్ అనేది వర్క్‌బెంచ్ (అమిగా డెస్క్‌టాప్) సొంత విండోలకే పనిచేస్తుంది. షెల్ విండోని తెరిచేది కన్సోల్ హ్యాండ్లర్ అనే ఓఎస్ భాగం. దాని సైజు ఎక్కడో ఒక వరుసలో రాసిపెట్టిన నాలుగు నంబర్లలో ఉంటుంది.

ఆ వరుస ఎక్కడుందో తెలిస్తే పని ఐదు నిమిషాలు. తెలియకుండా దొరికిన ఫైలల్లా మార్చుకుంటూ పోతే ఆదివారం గోవిందా. అందుకని నంబర్ల జోలికి వెళ్ళేముందు, ఆ విండోని తెరిచింది ఎవరో పట్టుకోండి.

ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా అమిగా ఓఎస్ 2.04, 3.0, 3.1 వాడేవాళ్ళకి. 1987లో వచ్చిన అమిగా 500 మీద 1.3 నడిపేవాళ్ళకి కొన్ని తేడాలున్నాయి, అవి చివర్లో వేరుగా చెప్తాను. మన దగ్గర అసలు మిషన్ చేతికి చిక్కడం అరుదు కాబట్టి చాలామంది విన్‌యూఏఈ, ఎఫ్ఎస్-యూఏఈ లాంటి ఎమ్యులేటర్లతోనే సరిపెట్టుకుంటారు. లోపల నడిచేది అదే ఓఎస్, కాబట్టి పద్ధతీ అదే.

ఒక మాట. కమాండ్లని ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, మీరు కొట్టాల్సింది ఇంగ్లీషు అక్షరాలే. "కాన్" అంటే సీ, ఓ, ఎన్. "నిల్" అంటే ఎన్, ఐ, ఎల్. అంకెలు, ఏటవాలు గీతలు, కోలన్లు మాత్రం కనిపించినవి కనిపించినట్టే కొట్టాలి.

1. మీ స్క్రీన్‌లో ఎన్ని గీతలున్నాయో చూసుకోండి

షెల్‌లో "వెర్షన్" అని కొడితే కిక్‌స్టార్ట్ (రోమ్ చిప్‌లో ఉండే ఓఎస్ భాగం) నంబర్ వస్తుంది. 34తో మొదలైతే 1.3, 37 అయితే 2.04, 39 అయితే 3.0, 40 అయితే 3.1.

తర్వాత స్క్రీన్ మోడ్. సగం గొడవలు ఇక్కడే పుడతాయి. పాల్ (ఇండియా, యూరప్‌ల పాత టీవీ పద్ధతి) మిషన్‌లో మామూలు హైరెస్ స్క్రీన్ 640×256, అంటే నిలువుగా 256 పిక్సెల్ గీతలు. అమెరికాలో అమ్మిన ఎన్‌టీఎస్‌సీ మిషన్‌లో 640×200. ఇంటర్‌లేస్ పెడితే నిలువు రెట్టింపై 512, 400 అవుతాయి. డల్లాస్‌లో ఉన్న మీ తమ్ముడు పాత అమిగా కొన్నాడనుకోండి, అది ఎన్‌టీఎస్‌సీ. మీరు ఇక్కడ ఎమ్యులేటర్‌లో పాల్ మీద సర్దిన బూట్ డిస్క్ ఇమేజ్ పంపితే, అందులో 256 గీతలకి లెక్కేసిన విండో అతని 200 గీతల స్క్రీన్‌లో పట్టదు. 2.0 నుంచి కన్సోల్ దాన్ని స్క్రీన్‌కి తగ్గట్టు కుదించుకుంటుంది. 1.3లో అసలు తెరుచుకోదు.

మీది ఏ మోడో ప్రెఫ్స్ (సెట్టింగులు) డ్రాయర్‌లోని స్క్రీన్‌మోడ్‌లో కనిపిస్తుంది. ఆ రెండు సంఖ్యలు ఒక కాగితం మీద రాసుకోండి, కింద లెక్కలన్నిటికీ అవే ఆధారం.

2. విండోని తెరిచింది ఎవరు?

షెల్‌లాగా కనిపించే విండో వచ్చే దారులు ముఖ్యంగా నాలుగు. టైటిల్ బార్ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

సిస్టమ్ డ్రాయర్‌లోని షెల్ ఐకాన్‌ని డబుల్ క్లిక్ చేస్తే వచ్చేది మొదటిది. దీని నంబర్లు ఐకాన్‌లోనే, విండో అనే టూల్ టైప్‌లో (ఐకాన్‌లో రాసుకునే సెట్టింగ్ వరుసలో) ఉంటాయి.

రెండోది న్యూషెల్ కమాండ్‌తో వచ్చేది. మీరే కొట్టి ఉండొచ్చు, లేదా ఎస్: డైరెక్టరీలోని యూజర్-స్టార్టప్ ఫైల్ బూట్ అయ్యేటప్పుడు కొట్టి ఉండొచ్చు. కమాండ్ పక్కన ఏమీ రాయకపోతే దానికి సొంత డిఫాల్ట్ ఉంటుంది. ఐకాన్‌లో మార్చిన నంబర్లు న్యూషెల్‌కి తెలియవు, న్యూషెల్‌కి ఇచ్చినవి ఐకాన్‌కి తెలియవు. "ఐకాన్‌లో మార్చాను, అయినా మారలేదు" అనేవాళ్ళలో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. మార్చింది ఒకటి, తెరుస్తున్నది ఇంకొకటి.

మూడోది స్క్రిప్టు ఐకాన్. దాని డిఫాల్ట్ టూల్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) ఐకాన్‌ఎక్స్ అయితే వచ్చే విండో స్పెక్ (చోటూ సైజూ చెప్పే వరుస) ఇది:

కాన్:0/50//80/ఐకాన్‌ఎక్స్/ఆటో/వెయిట్/క్లోజ్

మార్చాలంటే ఆ స్క్రిప్టు సొంత ఐకాన్‌లో విండో టూల్ టైప్ రాయాలి. షెల్ ఐకాన్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు.

నాలుగోది బూట్ విండో. 2.0 నుంచి స్టార్టప్-సీక్వెన్స్ (బూట్ అయ్యేటప్పుడు నడిచే కమాండ్ల ఫైల్) నడుస్తున్నంతసేపూ ఒక విండో సిద్ధంగా ఉంటుంది, కానీ ఏ కమాండైనా ఏదో ఒకటి ప్రింట్ చేస్తేనే బయటికొస్తుంది. బూట్ అయినప్పుడు పిలవని పేరంటంలా ఒక విండో వచ్చిందంటే, మీరు చేర్చిన కమాండ్ ఏదో మాట్లాడుతోందన్నమాట. దీనికి సైజు మార్చనక్కర్లేదు, ఆ కమాండ్ నోరు మూయిస్తే చాలు. కమాండ్ పేరు తర్వాత ">నిల్:" చేర్చండి. వర్క్‌బెంచ్ వచ్చాక కూడా ఆ విండో పోకుండా ఉంటే, స్టార్టప్-సీక్వెన్స్ చివర ఉండాల్సిన "ఎండ్‌సీఎల్ఐ >నిల్:" వరుస ఎవరో తీసేశారేమో చూడండి.

3. నంబర్లు చదవడం నేర్చుకోండి

2.0 తర్వాత షెల్‌కి మామూలుగా ఉండే స్పెక్ ఇది:

కాన్:0/50//130/అమిగాషెల్/క్లోజ్

ముందున్న కాన్ అనేది కన్సోల్ హ్యాండ్లర్ పేరు. కోలన్ తర్వాత వరసగా ఎడమ అంచు నుంచి దూరం, పై అంచు నుంచి దూరం, వెడల్పు, ఎత్తు, టైటిల్. ఆ తర్వాత ఆప్షన్లు. ఇక్కడ వెడల్పు చోట ఏమీ లేదు, రెండు ఏటవాలు గీతలు పక్కపక్కనే ఉన్నాయి. ఖాళీగా వదిలితే విండో స్క్రీన్ వెడల్పంతా తీసుకుంటుంది. నంబర్ వదిలేయొచ్చు కానీ గీత వదిలేయకూడదు. ఒక గీత తగ్గితే వెనక ఉన్నవన్నీ ఒక అడుగు ముందుకి జరుగుతాయి, 130 వెళ్ళి వెడల్పు చోట కూర్చుంటుంది. విండో సన్నగా, పొడుగ్గా, వింతగా వస్తే ముందు గీతలు లెక్కపెట్టండి.

ఈ డిఫాల్ట్ నంబర్లలో ఒక తెలివి ఉంది. 50కి 130 కలిపితే 180. అంటే 256 గీతల పాల్‌లోనూ పడుతుంది, 200 గీతల ఎన్‌టీఎస్‌సీలోనూ పడుతుంది. మీ డిస్క్ ఇంకొకరికి ఇచ్చేదైతే మీరూ 200 దాటకుండా చూసుకోండి.

నంబర్లన్నీ పిక్సెళ్ళలోనే. అక్షరాల వరుసలు కావు. అందుకే ఇంటర్‌లేస్‌కి మారగానే అదే 130 ఎత్తు విండో సగానికి సగం చిన్నదైనట్టు కనిపిస్తుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టి 1024×768కి వెళ్తే స్క్రీన్ అడ్డంగా ఒక పట్టీలాగా తయారవుతుంది. పాడైందేమీ లేదు, స్క్రీన్ పెరిగింది, నంబర్ పెరగలేదు అంతే.

ఇక లోపల ఎంత టెక్స్ట్ పడుతుందో చూద్దాం. టోపాజ్ 8 ఫాంట్‌లో ఒక్కో అక్షరం 8×8 పిక్సెళ్ళు. విండో ఎడమ అంచు 4 పిక్సెళ్ళు, సైజు గ్యాడ్జెట్ (విండోని సాగదీసే బటన్) ఉండే కుడి అంచు 18. 640లోంచి 22 తీసేస్తే 618, దాన్ని 8తో భాగిస్తే 77. 80 అక్షరాల వెడల్పుకి రాసిన టెక్స్ట్ ఫైళ్ళు షెల్‌లో చివర మూడు అక్షరాలు విరిగి కింద పడటానికి కారణం ఇదే. నోసైజ్ ఆప్షన్ పెడితే కుడి అంచు కూడా 4కి తగ్గి 79 అక్షరాలొస్తాయి. పూర్తి 80 కావాలంటే నోబోర్డర్ కూడా కావాలి.

నిలువుకి టైటిల్ బార్ 11, కింది అంచు 2. స్క్రీన్ మెనూ బార్ కూడా 11 గీతలే. కాబట్టి మెనూ బార్ కనిపించేలా మిగతా స్క్రీన్ అంతా షెల్ కావాలంటే పాల్‌లో 0/11/640/245. అందులో సరిగ్గా 29 వరుసలు పడతాయి, ఒక్క పిక్సెల్ వృథా కాదు. ఎన్‌టీఎస్‌సీలో 0/11/640/189, 22 వరుసలు. పాల్ ఇంటర్‌లేస్‌లో 0/11/640/501, 61 వరుసలు. నన్నడిగితే మామూలు వాడకానికి ఇదే మంచి సర్దుబాటు. డిఫాల్ట్ 130 ఎత్తులో వచ్చేవి 14 వరుసలే, ఒక పెద్ద డైరెక్టరీ లిస్టుకే చాలవు.

4. ముందు ప్రాంప్ట్ దగ్గరే ప్రయత్నించండి

ఐకాన్‌ని తెరిచి, మార్చి, సేవ్ చేసి, డబుల్ క్లిక్ చేసి, నచ్చక మళ్ళీ మొదలుపెట్టడం శుద్ధ దండగ. తెరిచి ఉన్న షెల్‌లో నేరుగా ఇలా కొట్టండి:

న్యూషెల్ "కాన్:0/11/640/245/పనిషెల్/క్లోజ్"

కొత్త విండో వస్తుంది. నచ్చకపోతే "ఎండ్‌షెల్" కొట్టి మూసేసి, నంబర్ మార్చి మళ్ళీ కొట్టండి. పాత షెల్‌లో పై బాణం నొక్కితే ముందు కొట్టిన వరుస తిరిగొస్తుంది, అంతా మళ్ళీ కొట్టక్కర్లేదు. టైటిల్‌లో ఖాళీ ఉంటే మొత్తం స్పెక్‌ని కోట్స్‌లో పెట్టాల్సిందే, లేకపోతే ఖాళీ దగ్గరే తెగిపోతుంది. ఖాళీ లేకపోయినా కోట్స్ పెట్టడం అలవాటు చేసుకుంటే ఆ టెన్షన్ ఉండదు.

ఆప్షన్లలో వాడదగ్గవి కొన్ని ఉన్నాయి. క్లోజ్ పెడితేనే మూసే గ్యాడ్జెట్ వస్తుంది, మర్చిపోవద్దు. ఆల్ట్ చాలా పనికొస్తుంది: "ఆల్ట్0/11/300/60" అని చేరిస్తే, జూమ్ గ్యాడ్జెట్ నొక్కినప్పుడు విండో ఆ రెండో సైజుకి వెళ్తుంది, మళ్ళీ నొక్కితే వెనక్కొస్తుంది. పెద్ద షెల్, చిన్న షెల్ రెండూ ఒకే స్పెక్‌లో ఇమిడిపోతాయి. స్మార్ట్, సింపుల్ అనే రెండింటి తేడా కూడా తెలుసుకోండి. సింపుల్‌లో విండోని పెద్దది చేస్తే పైకి జరిగిపోయిన టెక్స్ట్ తిరిగొచ్చి ఖాళీని నింపుతుంది. డిఫాల్ట్ అదే. స్మార్ట్‌లో అలా నిండదు. విండో సాగదీస్తే కొత్త చోటు ఖాళీగా ఉండిపోతోందంటే స్పెక్ చివర స్మార్ట్ ఉందేమో చూడండి.

బ్యాక్‌డ్రాప్ మాత్రం ఆలోచించి వాడండి. అది అన్నిటికన్నా వెనక పడుంటుంది, ముందుకి తేలేరు. డ్రాయర్లు తెరిచాక షెల్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

5. నచ్చిన నంబర్లని శాశ్వతం చేయడం

షెల్ ఐకాన్‌ని ఒక్కసారి క్లిక్ చేసి, ఐకాన్స్ మెనూలో ఇన్ఫర్మేషన్ తీసుకోండి. టూల్ టైప్స్ జాబితాలో "విండో=" తో మొదలయ్యే వరుస మీద క్లిక్ చేస్తే కింద పెట్టెలో దాన్ని దిద్దుకోవచ్చు. దిద్దాక రిటర్న్ నొక్కండి, ఆ తర్వాతే సేవ్. రిటర్న్ నొక్కకుండా నేరుగా సేవ్ మీదకి వెళ్తే మీ మార్పు గాలికి పోవచ్చు.

టూల్ టైప్‌లో కోట్స్ అక్కర్లేదు. సమానం గుర్తుకి అటూ ఇటూ ఖాళీ వద్దు. వరుస చుట్టూ బ్రాకెట్లు ఉంటే అది పనిచేయని వరుస కింద లెక్క, వాటిని తీసేస్తేనే ఓఎస్ పట్టించుకుంటుంది. అసలు అలాంటి వరుసే లేకపోతే "న్యూ" గ్యాడ్జెట్‌తో చేర్చండి. రీబూట్ చేయనక్కర్లేదు, ఐకాన్‌ని తెరిచిన ప్రతిసారీ టూల్ టైప్‌లు కొత్తగా చదువుతుంది.

సేవ్ అయినట్టే ఉండి మళ్ళీ పాతదే వస్తుంటే రెండు చూడండి. ఫ్లాపీ నుంచి నడుపుతుంటే డిస్క్ మూల ఉన్న చిన్న రంధ్రం తెరిచి ఉందేమో: 3.5 అంగుళాల ఫ్లాపీలో రంధ్రం తెరిచి ఉంటే రాయనివ్వదు. రెండోది, మీరు క్లిక్ చేస్తున్నది అసలు ఐకానా, కాపీయా? లీవ్ అవుట్‌తో డెస్క్‌టాప్ మీద పెట్టినది అసలు ఐకానే, గొడవ లేదు. ఇంకో డిస్క్‌కి లాగితే అది వేరే కాపీ, దాని టూల్ టైప్‌లు దానివే.

బూట్ అవ్వగానే షెల్ కావాలనుకుంటే యూజర్-స్టార్టప్‌లో పై న్యూషెల్ వరుస చేర్చండి. "ఎడ్ ఎస్:యూజర్-స్టార్టప్" అని తెరవండి, చేర్చాక ఎస్కేప్, ఎక్స్, రిటర్న్ నొక్కితే సేవ్ అయి బయటికొస్తుంది. తేడా కొడితే ఎస్కేప్, క్యూ, రిటర్న్‌తో ఏమీ మార్చకుండా రావచ్చు. 3.1 స్టార్టప్‌లో యూజర్-స్టార్టప్ ముందు నడుస్తుంది, వర్క్‌బెంచ్‌ని తెచ్చే లోడ్‌డబ్ల్యూబీ తర్వాత వస్తుంది. అందుకే ఇలా తెరిచిన షెల్ మీద వర్క్‌బెంచ్ విండోలు వచ్చి కూర్చోవచ్చు. అది పొజిషన్ తప్పు కాదు, వరస ముందువెనకలు.

సైజు సరిగ్గానే ఉంది, టెక్స్ట్ మాత్రం సరిగ్గా లేదు

పెద్ద విండో, కానీ టెక్స్ట్ పైన ఒక మూలలోనే తిరుగుతోంది. లేదా ఎడమ వైపు ఇంత ఖాళీ వదిలి మొదలవుతోంది. ఇది విండో నంబర్ల తప్పు కాదు. అమిగా కన్సోల్‌కి పేజీ పొడవు, వరుస పొడవు, ఎడమ జరుగుడు, పై జరుగుడు పెట్టే ఎస్కేప్ కోడ్‌లు ఉన్నాయి. ఏదో ప్రోగ్రామ్ వాటిని పెట్టి, తీయకుండా వెళ్ళిపోయి ఉంటుంది. పొరపాటున బైనరీ ఫైల్‌ని టైప్ కమాండ్‌తో చూసినా ఇదే జరగొచ్చు. మందు ఒక్కటే: ఎస్కేప్ కీ నొక్కి, చిన్న సీ నొక్కి, రిటర్న్ కొట్టండి. కన్సోల్ మొత్తం మొదటి స్థితికి వస్తుంది. స్క్రిప్టులో పెట్టాలంటే ఎకో కమాండ్ పక్కన కోట్స్‌లో నక్షత్రం, పెద్ద ఈ, చిన్న సీ. అక్షరాలు గజిబిజిగా మారిపోతే కంట్రోల్, ఓ కలిపి నొక్కండి.

ఫాంట్ మారినా లెక్క మారుతుంది. షెల్ వాడేది ఫాంట్ ప్రెఫ్స్‌లోని సిస్టమ్ డిఫాల్ట్ టెక్స్ట్. స్క్రీన్ టెక్స్ట్ ఫాంట్ పెంచితే మెనూ బార్ కూడా లావవుతుంది: ఫాంట్ ఎత్తుకి 3 కలిపితే బార్ ఎత్తు. 11 పిక్సెళ్ళ ఫాంట్ పెట్టుకుంటే పై అంచు నంబర్ 14 కావాలి, లేకపోతే షెల్ టైటిల్ బార్ మెనూ బార్ మీదకి ఎక్కుతుంది.

విండో కనిపించడం లేదు, లేదా అంచు తెగిపోయింది

ముందు స్క్రీన్ మెనూ బార్‌ని చూడండి. దాని అంచు కూడా తెగి ఉంటే తప్పు షెల్‌ది కాదు, మానిటర్‌దో ఎమ్యులేటర్‌దో. అసలు మిషన్‌లో అయితే ప్రెఫ్స్‌లో ఓవర్‌స్కాన్ తెరిచి టెక్స్ట్ సైజుని మీ మానిటర్‌లో కనిపించేంత వరకే తగ్గించండి. విన్‌యూఏఈలో అయితే చిప్‌సెట్ పేజీలో ఎన్‌టీఎస్‌సీ టిక్ అవసరం లేకుండా పడి ఉందేమో, డిస్‌ప్లే పేజీలో బొమ్మని మధ్యకి తెచ్చే సెట్టింగ్ ఎలా ఉందో చూసుకోండి. మెనూ బార్ బాగానే ఉండి షెల్ ఒక్కటే తెగితే మాత్రం నంబర్లే.

స్క్రీన్‌మోడ్‌లో కనిపించేదానికన్నా పెద్ద స్క్రీన్ పెట్టి, ఆటోస్క్రోల్ తీసేసి ఉంటే విండో కనపడని వైపు ఉండిపోవచ్చు. ఎడమ అమిగా కీ పట్టుకుని మౌస్‌తో స్క్రీన్‌నే లాగి చూడండి. వేరే స్క్రీన్ ముందు ఉంటే ఎడమ అమిగా, ఎన్ కలిపి నొక్కితే వర్క్‌బెంచ్ ముందుకొస్తుంది.

స్క్రీన్‌మోడ్ మార్చేటప్పుడు షెల్ తెరిచి ఉంటే, డ్రాయర్లు తప్ప మిగతా విండోలన్నీ మూసేయమని ఒక పెట్టె వస్తుంది. వాదించకుండా షెల్ మూసేయండి. అది తెరిచి ఉన్నంతవరకు స్క్రీన్ మారదు.

నంబర్లు ఏం చేశారో మీకే గుర్తులేనంతగా స్టార్టప్ చెడిపోతే, రీసెట్ చేసి రెండు మౌస్ బటన్లూ పట్టుకోండి. 2.0 నుంచి వచ్చే ఎర్లీ స్టార్టప్ మెనూలో స్టార్టప్-సీక్వెన్స్ లేకుండా బూట్ చేసే దారి ఉంది. ఎవరి నంబర్లూ పట్టించుకోని ఒక షెల్ విండో వస్తుంది. అక్కడి నుంచి ఎడ్‌తో ఫైల్ దిద్దుకుని మళ్ళీ బూట్ చేయండి. 3.0 నుంచి పాల్, ఎన్‌టీఎస్‌సీ మార్చుకునే చోటు కూడా ఆ మెనూలోనే ఉంది.

1.3 వాడేవాళ్ళకి

1.3లో కాన్ మరీ బొటాబొటి: టైటిల్ వరకే, ఆ తర్వాత ఆప్షన్లు లేవు. క్లోజ్, ఆల్ట్ లాంటివి 2.0లో వచ్చినవే. ఇంటర్నెట్‌లో దొరికిన 3.1 స్పెక్‌ని ఇక్కడ అతికిస్తే పనిచేయదు. వెడల్పు కూడా ఖాళీగా వదలకండి, నాలుగు నంబర్లూ రాయండి.

పాత వరుసల్ని బాణాలతో వెనక్కి తెచ్చుకునే సదుపాయం 1.3లో కాన్‌కి లేదు, న్యూకాన్ అనే ఇంకో హ్యాండ్లర్‌కి ఉంది. అందుకే 1.3లో షెల్ స్పెక్ న్యూకాన్ తోనే మొదలవ్వాలి. విండో సరైన సైజులో వచ్చి బాణాలు పనిచేయకపోతే ఎవరో కాన్ అని రాశారన్నమాట. న్యూకాన్ రాసినా అసలు తెరుచుకోకపోతే, స్టార్టప్-సీక్వెన్స్‌లో "మౌంట్ న్యూకాన్:" వరుస ఉందా, డెవ్స్ డైరెక్టరీలోని మౌంట్‌లిస్ట్‌లో దాని వివరాలున్నాయా, ఎల్: డైరెక్టరీలో దాని హ్యాండ్లర్ ఫైల్ ఉందా అని ఈ వరసలోనే చూడండి. చోటు మిగుల్చుకోవడానికి బూట్ ఫ్లాపీలోంచి ఫైళ్ళు తీసేసేటప్పుడు ఈ హ్యాండ్లర్ కూడా కొట్టుకుపోతుంటుంది. 880 కిలోబైట్ల డిస్క్ కదా, అందరూ అదే పని చేస్తారు. అసలు వర్క్‌బెంచ్ డిస్క్ ఎల్: నుంచి ఆ ఫైల్ కాపీ చేసుకుని మళ్ళీ బూట్ చేస్తే సరి.

అన్నీ ఉన్నా తెరుచుకోకపోతే నంబర్లే కారణం. ఎడమ దూరం, వెడల్పు కలిపితే 640 దాటకూడదు. పై దూరం, ఎత్తు కలిపితే ఎన్‌టీఎస్‌సీలో 200, పాల్‌లో 256 దాటకూడదు. ముందు 0/50/640/130తో తెరవండి, అది వచ్చిందంటే హ్యాండ్లర్ బాగానే ఉన్నట్టు. తర్వాత మీకు కావాల్సిన సైజుకి మెల్లగా పెంచుకుంటూ వెళ్ళండి.